చీటీలో వచ్చిన పక్షం

నాన్నా,

మీరు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను. తమ్ముడు చెప్పింది నిజమే. ఈ శుక్రవారం మా యూనివర్సిటీ చర్చావేదికలో, బస్సులకు ఇక డ్రైవర్లు అక్కర్లేదని నేనే వాదిస్తున్నాను. ఎవరు ఏ పక్షమో చీటీలు తీసి తేలుస్తారు, నాకు అదే వచ్చింది.

“మీ నాన్న బస్సు డ్రైవరు కదా, మార్చేసుకో” అంది మా వేదిక కార్యదర్శి. వద్దన్నాను. ఇవాళ మార్చుకుంటే రేపట్నుంచి నచ్చిందే మాట్లాడతాను. వచ్చిన పక్షం తరఫున తూతూమంత్రంగా మాట్లాడటమూ నావల్ల కాదు, మీ పెంపకమే అది.

డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చేయండి. ముందు వరసలో మీకు కుర్చీ పట్టి ఉంచుతాను. చివర్లో వినేవాళ్లు ప్రశ్నలు అడగొచ్చు. కూతురు కదా అని ఊరుకోకండి. నాకు జవాబు దొరకని ప్రశ్న పట్టుకురండి.

శుక్రవారం ఒక్క పూటకే మీ ఎదుటిపక్షం,
మీ అమ్మాయి