వెలిసిన ఊదారాయి

అక్కా,

నేను కులాసాగానే ఉన్నాను, ఎవరేం చెప్పినా కంగారుపడకు. నేను ఉంగరంలో రాయి మార్చేశానట! రిపేరుకొచ్చిన ఉంగరానికి మా షాపు ఓనరు బావమరిది రాయి ఊడదీయకుండానే మంట పెట్టి అతుకేశాడు. ఊదారాళ్లు సెగకు వెలిసిపోతాయని మా షాపు ఊడ్చే ముసలాయనకీ తెలుసు. మెరుగు పెట్టడానికి నా బల్ల మీదకొచ్చేసరికే అది గంజినీళ్లలా ఉంది. ఓనరేమో అందరి ముందూ "అసలు రాయి ఎక్కడ దాచావమ్మాయ్?" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. ఆ రాయిని మొదట్లో సానపట్టిందే నేను! భూతద్దం ఆయన చేతిలో పెట్టి, రాయి లోపల మొదట్నుంచీ ఉన్న, ఆయనకీ తెలిసిన ఈకలాంటి గీత చూపించాను. తర్వాత లోపలికి పిలిచి, తలుపేసి, "పొరపాటైంది, మనలో మాట, ఇక్కడే వదిలేయ్" అన్నాడు. నింద పదిమందిలోనూ, క్షమాపణ తలుపు చాటునా?

చిన్నదాని దగ్గు తగ్గిందా? నీ ఊదారాళ్ల దుద్దుల కొక్కెం విరిగిందన్నావు, రాళ్లు తీయించకుండా మంట పెట్టనివ్వకు. బావగారికి నమస్కారాలు, పిల్లకు ముద్దులు.

కవరు దొరక్క కాదు, కావాలనే పోస్టుకార్డు రాశాను. దారిలో ఎంతమంది చదివితే అంత మంచిది. మా పనివాళ్ల ఉత్తరాలు డబ్బాలో వేసేది ఓనరే కనక, ముందు ఆయన చేతికే ఇస్తున్నాను.

నీ చెల్లెలు