డ్రైవరుకి చోటు

బస్సుల డిపోలో ముప్పై నాలుగేళ్లు రేకుపని చేసి రిటైరైన నేను, నా డెబ్బై ఒకటో ఏట, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. మతి స్థిమితంగా ఉందని రాయాలట. ఉంది. స్థిమితం లేనిది కాళ్లకే. ఈ నాలుగు ముక్కలు రాసేలోపు మూడుసార్లు లేచి షెడ్డులోకి వెళ్లొచ్చాను. గురువారం నా గుండెకి ఆపరేషను. భయం లేదని చెబుతూనే డాక్టరుగారు నాలుగుచోట్ల సంతకాలు పెట్టించుకున్నారు. అయినా నాకు దిగులు లేదు. నిన్న ఆదివారం నా కూతురు ఇంటికొచ్చింది, ఆరేళ్ల తర్వాత. అక్షరాలు వంకర పోతే అది సంతోషమే గానీ జబ్బు కాదు.

దీన్ని అమలుచేసే బాధ్యత నా కోడలిది. బడిలో లెక్కలు చెబుతుంది, ఎవరి మాటకీ లొంగదు. "మామయ్యా, కథలొద్దు. ఏది ఎవరికో అది రాయండి చాలు" అంది. సరేనన్నాను. వీలైనంతవరకు పాటిస్తాను.

1. ఈ ఇల్లు నా భార్య బతికినంతకాలం ఆమెది. తర్వాత కొడుక్కీ కూతురికీ చెరిసగం. ఇందులో ఎవరికీ పేచీ లేదు.

2. షెడ్డులో ఉన్న బండి నా కూతురికి. పాత కారు చట్రం మీద సరుకుల వ్యాను ఇంజను ఎక్కించి, టాపు కోసేసి, రేకంతా ఇక్కడే సుత్తితో సాగగొట్టి పన్నెండేళ్లు కట్టాను. ఇలాంటివాటిని హాట్‌రాడ్ అంటారని మా అబ్బాయి చెప్పేదాకా నాకు తెలియదు. బండి మొదటి నుంచీ అమ్మాయిదే. ఆ సంగతి అమ్మాయికే తెలియకపోవడం నా తప్పు. కోడలు క్షమించాలి, ఇక్కడ కొంచెం కథ ఉంది.

పని సగంలో ఉండగా, అమ్మాయికి పద్నాలుగేళ్లప్పుడు, రంగుడబ్బా మీద కూర్చోబెట్టి, కాళ్లు చాపించి, నడుము నుంచి మోకాలికి, మోకాలి నుంచి మడమకి కొలతలు తీయించాను, ఎందుకో చెప్పకుండా. టేపు పట్టింది మా ఆవిడ. బట్టలు కుట్టే మనిషి కదా, అమ్మాయి అటు వెళ్లగానే అడిగింది. "పెరిగే పిల్లకి గౌను కుడితే నేను మడతలో నాలుగువేళ్ల గుడ్డ వదులుతాను. మీ రేకులో ఎక్కడ వదిలారు?" రేకుపనిలో వేలు పెట్టకన్నాను. ఆ కొలత ప్రకారమే ఇంజను వెనక్కి జరిపాను. బరువు మధ్యలో ఉంటే మలుపుల్లో బండి నిలకడగా ఉంటుందని. సీటు వెనక పెట్రోలు ట్యాంకు ఇరికించాను. అమ్మాయేమో నా కళ్లముందే గుమ్మానికి తల తగిలేంత ఎదిగింది. రోజూ చూశాను. ఒక్కరోజు కూడా ఆ కాళ్లకీ ఆ సీటుకీ ముడిపెట్టి చూడలేదు.

ఇరవయ్యో ఏట వీధివాళ్లందర్నీ పిలిచి అమ్మాయిని కూర్చోబెట్టాను. మోకాళ్లు స్టీరింగుకి తగులుకున్నాయి, క్లచ్చు మీద పాదం మడత పడింది. "నాన్నా, ఇందులో ఇంజనుకి చోటుంది, ట్యాంకుకి చోటుంది, నీ గొప్పకీ చోటుంది. డ్రైవరుకి లేదు" అంది. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండి, "కాళ్లు ముడుచుకోవడం నేర్చుకో" అన్నాను. అమ్మాయి దిగింది, ఇంట్లోంచి కూడా వెళ్లిపోయింది. ఇప్పుడు వేరే ఊళ్లో అంబులెన్సు నడుపుతోంది. బండి నా కొలతకి కట్టుకున్నానని ఇన్నాళ్లూ అనుకుంది. అనుకోక ఏం చేస్తుంది, నేను పద్నాలుగేళ్ల పిల్లంతే ఉంటాను మరి.

నా ఆపరేషను సంగతి చెబుతూ మా ఆవిడ ఆ పాత కొలతల కాగితం కూడా ఫోటో తీసి పంపిందట, పైన అమ్మాయి ముద్దుపేరుతో సహా. నిన్న తిన్నగా షెడ్డులోకే వచ్చింది. "ఇవి నా కొలతలా నాన్నా?" నీవేనమ్మా, నువ్వు పెరుగుతావని నాకు తట్టలేదు అన్నాను. టైరు మీద కూలబడి నవ్వింది, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. తర్వాత అడిగింది. "వచ్చేనెల కొండదారి పందెంలో దీన్ని తోలతాను. నా కాళ్లకి చోటు చెయ్యాలి. కోస్తే ఏడుస్తావా?"

3. మా ఆవిడకి నేను విడిగా ఇవ్వగలిగింది ఒక ఒప్పుకోలే. నాలుగువేళ్ల సంగతిలో నువ్వు చెప్పిందే నిజం. కాగితం మీద రాసిచ్చాను కాబట్టి ఇక రోజూ అననక్కర్లేదు.

4. మా అబ్బాయి దగ్గర చిక్కుంది. ఇంజనుకీ డ్రైవరుకీ మధ్య ఉండే అడ్డురేకు నేను ఒకే పలక నుంచి, అతుకు లేకుండా, ఎనిమిది నెలలు కొట్టాను. నా జన్మలో అంత మంచి పని మళ్లీ చేయలేదు. దాన్ని కోస్తే తప్ప కాళ్లకి చోటు రాదు. "నాన్న చేతిపని మీద రంపం పెడతారా, రేపు ఏదైనా అయితే మాకు మిగిలేది అదే కదా" అని వాడు నిన్న అన్నం మానేశాడు. వాడిది ప్రేమే. ఒరే అబ్బాయ్, కోయగా వచ్చిన ముక్క నీది. గోడకి తగిలించుకో. చేతిపనిని చూసి మురవడానికి నువ్వున్నావు. తోలడానికి చెల్లి ఉంది. ఈ విషయంలో చెల్లిని ఆపే హక్కు నీకు లేదని ఇందుమూలంగా రాస్తున్నాను.

5. వీధి మలుపులో సైకిళ్ల షాపాయనకి ఏమీ లేదు. ఆరోజు అందరికంటే ముందు నవ్వింది ఆయనే. బండి బయటికి తీసిన రోజు ఆ షాపు ముందు ఒక్క నిమిషం ఆపి, పొగ మొత్తం అక్కడ వదలాలని కూతురికి నా కోరిక.

6. సాక్షి సంతకం చేసేవాడికి ఏమీ రాయకూడదట. అందుకని నా స్నేహితుడు వెల్డరుకి రేకుని బిగించి పట్టే నా ఇనుప వైజు పొద్దున్నే చేతికిచ్చేశాను. "పోయాకే ఇవ్వాల్సిందిరా, మోసుకెళ్లేసరికి నడుం పట్టేసింది" అన్నాడు.

7. నా తదనంతరం కూతురు అడ్డురేకు కోసి, ఇంజను ముందుకి జరిపి, ట్యాంకు తోకలోకి మార్చుకోవచ్చును.

ఏడో అంశం రద్దు. రాసి పెన్ను మూయబోతే కుర్చీలో నిలవలేకపోయాను. తదనంతరం దాకా ఎందుకు? సోమవారం మధ్యాహ్నం మొదటి గాటు నేనే పెట్టాను. రెండోది అమ్మాయి. ఇంజను లేపడానికి గొలుసు కప్పీ లాగింది వెల్డరూ, మా అబ్బాయీ. వాడు మొహం పక్కకి తిప్పుకుని లాగాడు గానీ గట్టిగానే లాగాడు. నేను రెండు సుత్తి దెబ్బలు వేసేలోపు కోడలు వచ్చి సుత్తి లాక్కుంది. రేకు కోసినందుకు నేను ఏడవలేదు. కొత్త రేకు కొట్టాల్సింది అమ్మాయి. నేను గురువారం దాటి వస్తే పక్కన కూర్చుని తప్పులు పడతాను. రాకపోతే తప్పులు పట్టేవాడు లేకుండా కొట్టుకుంటుంది. సుత్తులన్నీ అమ్మాయివే.

8. ఆస్తికి షెడ్యూలు ఉండాలంది కోడలు. ఇంటి హద్దులు దస్తావేజులో ఉన్నాయి. బండికి తూర్పు పడమరలు కుదరవు కాబట్టి డ్రైవరు చోటుకి ఇలా రాస్తున్నాను. మంగళవారం పొద్దున అమ్మాయిని బూట్లతో సహా కూర్చోబెట్టి, టేపు మా ఆవిడ పట్టగా తీసిన కొలతలివి.

ముందు: అడ్డురేకు, పాతచోటు నుంచి ఏడంగుళాలు ముందుకి. ప్రస్తుతానికి రేకు బదులు అట్ట.
వెనక: ట్యాంకు తీసేయగా వచ్చిన ఖాళీ, అయిదంగుళాలు.
ఎడమ: గేరు రాడ్డు, మోచెయ్యి ఆడేంత.
కుడి: తలుపు. ఇంకా బిగించలేదు.
కింద: నాలుగంగుళాలు దించిన నేల.
పైన: ఏమీ లేదు.

స్టీరింగుకీ అమ్మాయి మోకాలికీ మధ్య నా పిడికిలి పెట్టి చూశాను. పట్టింది. ఈ హద్దుల లోపలి చోటు మొత్తం ఈ రోజు నుంచే నా కూతురిది. ఇందులో నాకు ఎలాంటి హక్కూ మిగల్లేదు.

తేదీ: జూన్ పద్దెనిమిది, మంగళవారం, పగలు పదకొండున్నర.

సంతకం: (రేకుపనివాడు, రిటైర్డు. మసి చేతితో చేసినది, చెల్లుతుంది.)

సాక్షులు:
1. వెల్డరు, షెడ్డు వెనక వీధి.
2. మందుల షాపు యజమాని, ఎదురిల్లు. చేతులు శుభ్రంగా ఉన్నది ఈయనకే.