పొడుగు చెవులది

మేయరు గారికి,

మా పడవ స్టెరెన్‌ను ఊరి మొదట్లో కూడలిలో పూలకుండీ చేస్తామన్నప్పుడు, కార్లలో తీరం వెంబడి ఊరూరూ తిరిగే జనం మన దగ్గరా ఆగుతారని నచ్చజెప్పారు. ఏ పొయ్యిలోకో పోయే కంటే నయమని ఒప్పుకున్నాను. అందులో మట్టి పోశారు, ఊరుకున్నాను. ఎర్రపూలు నాటారు, ఊరుకున్నాను. నిన్న ఈస్టరు పండగకు పిల్లలకు రంగు గుడ్లు తెస్తుందని చెప్పి ఆ పొడుగు చెవులదాని బొమ్మను, నిలువెత్తుది, చుక్కాని పట్టించి మరీ నిలబెట్టారు.

క్యారెట్లు కొరుకుతూ గెంతే ఆ చిన్న జంతువు పేరు పడవ మీద ఎత్తకూడదని ఈ బ్రెతాన్ తీరం రేవుల్లో పాలుతాగే పిల్లకు కూడా తెలుసు. ఈ కాగితం మీదా నేను రాయను. మీరు పొలాల ఊరివారు, తెలియకపోవచ్చు. మీ మామగారు నలభై ఏళ్ళు వలలు లాగినవాడు. ఆయన్ని ఒక్క మాట అడగడానికి ఏమైంది?

సముద్రమే లేని లియోన్ నగరం నుంచి కారులో వచ్చినావిడ నన్ను పిలిచి, "పెద్దాయనా, కాస్త దాని పక్కన నిలబడండి, ఫోటో తీసుకుంటాను. ఇంతకీ ఈ పడవ నిజంగా సముద్రంలోకి వెళ్ళిందా, ఉత్త బొమ్మేనా?" అంది.

"వెళ్ళిందమ్మా. నువ్వు కారెక్కు" అన్నాను.

ఆదివారంలోగా దాన్ని తీయించండి. లేకపోతే గొడ్డలి పట్టుకుని నేనే వస్తాను, పోలీసులను ముందే పిలిపించుకోండి.

ముసలాడి మూఢనమ్మకమని మీ ఆఫీసులో నవ్వుకుంటారు. నవ్వుకోండి. స్టెరెన్ మీద దాని పేరు ఒక్కసారే వినబడింది. మా తమ్ముడు గుల్వెన్‌ను నవ్విద్దామని నేనే అన్నాను. వాడు నవ్వాడు కూడా. ఆ సాయంత్రం పడవను నేనొక్కణ్ణే రేవుకు తెచ్చాను.