బిందె మీద రెండు పేర్లు

సాలూరు

శ్రావణీ,

మామ్మ కూర్మమ్మ రాస్తన్నాది. నీ తలనొప్పి తగ్గినాదా? హాస్టల్లో నీ గదిలో ఉండే గుంటపిల్లకి జలుబు పోయినాదా? వార్డెనమ్మ మోకాలు ఎలాగున్నాది? ఇక్కడ మీ నాన్నకి గేసు, మీ అమ్మకి నడుం, గేదెకి పొట్టుబ్బరం. నాకేటీ నేదు, అదే నా భయం.

లారీ సినబాబు నీ కాగితం తెచ్చిచ్చినాడు. అద్దాలు పెట్టుకుని రెండుసార్లు సదివినాను. పెద్ద ఇత్తడి బిందె మీద శ్రావణి, ప్రకాష్ అని కొట్టించమన్నావు. అటక మీది ఉగ్గుగిన్నె మీద షాలిని అని కొట్టించమన్నావు. ఎందుకో తరవాత సెప్తానన్నావు, అర్జంటన్నావు.

బిందె మీద ఆడపిల్ల పేరు పక్కన మగోడి పేరు ఎప్పుడు కొట్టిస్తారో నాకు తెలీదేటి? ఉగ్గుగిన్నె మీద పేరు ఎవరికి కొట్టిస్తారో తెలీదేటి? ఆ ప్రకాష్ ఎవుడు? షాలినికి ఎన్నో నెల?

మీ నాన్నకి ఇంకా సెప్పనేదు. ఫోన్ సేద్దామంటే స్పీకరు పెడితేగాని నాకు ఇనబడదు, స్పీకరు పెడితే ఈదంతా ఇంటాది. అందుకే ఈ కాగితం.

పాణం గుప్పెట్లో పెట్టుకున్న
మామ్మ

తా.క. గుంటది నీ పోలికా, ఆడి పోలికా?

విశాఖపట్నం

మామ్మకి దండాలు.

నాకు పెళ్ళి కాలేదు. పిల్లా లేదు. నేను సినిమా కోర్సు చదువుతున్నాను కదా, మా క్లాసువాళ్ళం కలిసి పది నిమిషాల సినిమా తీస్తున్నాం. మొదట్లో పేర్లు పడతాయి చూడు, ఆ ముక్క చెయ్యడం నా పని. పాత సినిమాలన్నీ వేసుకుని పేర్లు ఎలా పడ్డాయో చూశాను. గోడల మీద, అద్దాల మీద, పొగలో. అన్నీ చూశాక మన అటక గుర్తొచ్చింది.

మా కథ పెళ్ళి వంటవాళ్ళది. పెరట్లో అంట్లు తోముతుంటే బూడిద కొట్టుకుపోయి, గిన్నెల మీద ఒక్కో పేరూ బయటపడుతుంది. దర్శకులం ప్రకాషూ నేనూ, అందుకే ఒకే బిందె. షాలిని ఎడిటింగ్ చేస్తుంది. ఉగ్గుగిన్నె ముద్దుగా ఉంటుందని ఆ పిల్ల పేరు దాని మీద రాశాను, అంతే.

మార్చి ఎనిమిదిన షూటింగు. ఆ రోజుకి సామాను రాకపోతే మాకు పాఠాలు చెప్పే అనూరాధ మేడం ఈ పని ఇంకొకరికి ఇచ్చేస్తారు.

ప్రకాష్ ఎవడో అని బెంగపడకు. వాళ్ళది ఆమదాలవలస. అమ్మ సీతమ్మగారికి స్టేషన్ దగ్గర బట్టలకొట్టు. బుద్ధిమంతుడు.

నీ శ్రావణి

తా.క. రెండు పేర్ల మధ్యలో ఒక పువ్వు కొట్టించు మామ్మా, అందంగా ఉంటుంది.

సాలూరు

శ్రావణీ,

సినిమా అన్నావు. పెళ్ళి కథన్నావు. మధ్యలో పువ్వన్నావు. సినిమాలో పేర్లు తెర మీద పడతాయిగాని బిందెల మీద పడతాయేటే?

మీ నాన్నకి కంటి డాక్టరని సెప్పి, విజయనగరం దాకా బస్సు, అక్కణ్ణించి రైలెక్కి ఆమదాలవలస ఎల్లినాను. సీతమ్మ కొట్లో జాకెట్టు ముక్క కొలస్తన్నాది.

"మీ గుంటడి పేరు మా గుంట పేరు పక్కన కొట్టించమంటన్నారమ్మా, మధ్యన పువ్వు కూడాను" అన్నాను.

ఆవిడ సేతిలో టేపు జారిపోయినాది. "మేం చర్చికెళ్ళేవాళ్ళం, మీకు పరవాలేదా?" అంది.

"ఉగ్గుగిన్నె దాకా వచ్చినాక పరవాలేదనక ఏటంటానమ్మా" అన్నాను. ఇద్దరం ఏడిసి, టీ తాగినాం. మంచి మనిషి. కొడుక్కి ఫోన్ సేస్తే ఆడు ఎత్తనేదు.

కంటి డాక్టరు దగ్గరికి ఎల్లని
మామ్మ

తా.క. బిందె నా మంచం కింద ఉన్నాది. ఈ సంగతి తేలేదాకా కదల్దు.

విశాఖపట్నం

మామ్మా,

ఎంత పని చేశావు. వాళ్ళమ్మ ఏం చెప్పిందో, ప్రకాష్ క్లాసు మానేసి ఊరెళ్ళిపోయాడు. షాలిని నాతో మాట్లాడటం మానేసింది, ఎందుకో తెలీదు. మేడం సామాను ఏదీ అంటున్నారు.

నేను గీసిన బొమ్మల కాగితం పంపుతున్నాను. మొత్తం టైటిల్స్ ఇందులోనే ఉన్నాయి, గడికో గిన్నె. అద్దాలు పెట్టుకుని చూడు. పెళ్ళికొడుకు ఎక్కడైనా కనిపిస్తే నన్నడుగు.

శ్రావణి

తా.క. షాలినికి ఇరవై రెండేళ్ళు. ఉగ్గు మానేసి చాలా రోజులైంది.

సాలూరు

బంగారం,

బొమ్మలు సూసినాను. అన్నీ గిన్నెలే. పెళ్ళికొడుకు ఎక్కడా నేడు. నమ్మినాను.

నమ్మి కాగితం మడిసేసరికి, సీతమ్మ కొడుకుని ఎంటబెట్టుకుని గుమ్మంలో దిగినాది. ఆ గుంటడు తలొంచుకుని, "మామ్మగారూ, శ్రావణి నాకు చెల్లెలు లాంటిది. నాకు ఇష్టమైంది షాలిని. అమ్మకి చెప్పే ధైర్యం లేకపోయింది" అన్నాడు.

"ఈ మాట నాకు సెప్పడానికి సాలూరు రావాలేట్రా?" అని సీతమ్మ ఆడి ఈపు మీద ఒకటేసినాది. తరవాత నవ్వినాది. షాలిని వాళ్ళూ చర్చివాళ్ళేనట. ఈస్టరు ఎల్లినాక పెళ్ళి మాటలంట. షాలినికి నీ మీద కోపం ఎందుకొచ్చినాదో ఇప్పుడు తెలిసినాదా?

ఉగ్గుగిన్నె మీద షాలిని పేరు కొట్టించి సీతమ్మకి సూపించినాను. నీ షూటింగయినాక తనకే ఇచ్చీమన్నాది, పెళ్ళయితే బేగి పనికొస్తాదంట.

ప్రకాష్ పేరు ఏరే పళ్ళెం మీద కొట్టించినాను. ఆ గుంటణ్ణి నీ బిందె మీద ఒగ్గితే షాలిని ఊరుకుంటాదేటి? బిందె మీద నీ ఒక్కదాని పేరే.

సామాను ఎవుళ్ళకీ ఇవ్వను, సొట్టలు పడతాయి. మార్చి ఎనిమిది ఆదివారం, తెల్లారేసరికి సినబాబు లారీలో నానే తెస్తాను.

మీ మామ్మ

తా.క. నీ పేరు పక్కన పువ్వు కొట్టించి, దాని పక్కన ఖాళీ ఒగ్గమన్నాను. అక్కడ ఏ పేరు కొట్టించాలో ఎనిమిదో తారీఖున వచ్చినప్పుడు అడుగుతాను.