ఫిల్టర్ ఆన్‌లో ఉంది

మార్చి 3, సోమవారం

టికెట్ల మేడమ్ మళ్ళీ రాసింది. శుక్రవారం పెట్టిన పదాలు ఇవాళ లేవట. నెలన్నరలో ఇది ఏడో టికెట్, అంటే ఏడో ఫిర్యాదు. మా సాఫ్ట్‌వేర్‌లో ఆస్పత్రి వాళ్ళ విషాల ఆంటాలజీ చూసేది ఆవిడే. ఏ విషం ఏ గుంపులోకి వస్తుంది, దేనికి ఏది విరుగుడు, అంతా ఒక వరసలో పేర్చాలి. నా మెషీన్‌లో అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. ‘నా దగ్గర బాగానే ఉంది’ అని రాసి టికెట్ మూసేశాను. పెట్టడం మరిచిపోయి మా మీద పడుతోంది. ఆడలేక మద్దెల ఓడు.

మార్చి 5

ఎనిమిదోది. మూసేశాను.

మార్చి 6, ఉదయం 11

డేటా తీసి చూస్తే తల తిరిగింది. ఎలుకల మందు. ఎలుకల మందు 2. ఎలుకల మందు 2 కొత్త. ఇలాంటి డూప్లికేట్లు మూడు వందల పన్నెండు. యూజర్‌కి ట్రైనింగ్ లేదని మెయిల్ కొట్టి వదిలెయ్ అన్నాడు మేనేజర్. ఒకసారి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని చూడొచ్చుగా, నీ కాళ్ళేం అరిగిపోవు అంది అక్క. దానికేం తెలుసని విసుక్కున్నాను. వెళ్ళక తప్పేలా లేదు.

మార్చి 7, శుక్రవారం

ఆస్పత్రి మూడో అంతస్తు, ఫైళ్ళ బీరువాల వెనక ఆవిడ చిన్న టేబుల్. దాని నిండా చీటీలు. ‘ఎలుకల మందు పెట్టాను, గురువారం, 4.10.’ కూర్చో అమ్మాయ్ అంది. నిన్నటి పదం ఒకటి వెతికింది. లేదు. మళ్ళీ పెట్టింది. తెర మీద ‘ఎంటిటీ కొలిజన్ 4092’ అని వచ్చింది. ఈ పదం ముందే ఉందని దానర్థం. ఆ మెసేజ్ అలా రాసిన మహానుభావురాలిని నేనే. ఆవిడ పదం చివర 2 తగిలించింది. మెసేజ్ పోయింది.

తెర మూలన శెనగగింజంత బూడిదరంగు బొమ్మ కనిపించింది. ఫిల్టర్. అప్రూవ్ అయిన పదాలే చూపించమని జనవరిలో ఏదో రిపోర్ట్ కోసం నొక్కిందట. అప్పటినుంచి ఆన్‌లోనే ఉంది. ఇంకా అప్రూవ్ కాని కొత్త పదాలు పెట్టిన రోజుకి కనిపిస్తాయి, మర్నాడు తెరిచేసరికి మాయం. మూసి తెరిచినా ఫిల్టర్ అలాగే ఉండాలని పెట్టింది కూడా నేనే. యూజర్‌కి సుఖంగా ఉంటుందనుకున్నాను.

చీటీ రాసుకుని, పదం పెట్టడం మరిచిపోతున్నానేమో అంది ఆవిడ. జ్ఞాపకం పోతోందని డాక్టర్ దగ్గరికి కూడా వెళ్ళిందట. కూతురు స్టవ్ ముట్టుకోనివ్వడం లేదట. నెలాఖరుకి ఉద్యోగం మానేస్తానని రాసిచ్చేసిందట. సిగ్గుతో నాకు చెవులు కాలిపోయాయి.

మీ జ్ఞాపకం బాగానే ఉందండీ, తప్పు నాది అని చెప్పి ఫిల్టర్ తీసేశాను. ఆవిడ పదాలన్నీ వచ్చాయి. చీటీలు ఒక్కొక్కటే తీసి సరిచూసుకుంది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఇదంతా కాగితం మీద రాసివ్వు, నోటి మాటైతే మా అమ్మాయి నమ్మదు, ఆఫీసు వాళ్ళూ నమ్మరు అంది.

మార్చి 10, సోమవారం

కాగితం ఇవ్వకూడదట. తప్పు ఒప్పుకుంటే మిగతా కస్టమర్లూ మీద పడతారట. మేనేజర్ మొహం చూడబుద్ధి కాలేదు.

కోడ్ మార్చాను. ఇక తెర పైన పసుపు పట్టీ వస్తుంది: ‘ఫిల్టర్ ఆన్‌లో ఉంది. 704 పదాలు కనిపించడం లేదు. ఏవీ పోలేదు.’ కొలిజన్ పీడ కూడా వదిలింది: ‘ఈ పదం ముందే ఉంది. ఫిల్టర్ వల్ల కనిపించడం లేదు. చూపించమంటారా?’ రెండు గంటల పని. ఆవిడ మీద విసుక్కోవడానికే అంతకంటే ఎక్కువ సేపు ఖర్చుపెట్టాను.

తర్వాత తెల్ల కాగితం తీసి చేత్తో రాశాను. మూడు వందల పన్నెండు డూప్లికేట్లూ నేను చేసిన ఫిల్టర్ వల్లే వచ్చాయి, ఆవిడ పొరపాటు ఒక్కటీ లేదు అని. కింద నా పేరు, సంతకం. ఉద్యోగం పోతే పోనీ.

మార్చి 11

ఆవిడ రెండుసార్లు చదివి, పెన్ను తీసి పన్నెండుని పదకొండు చేసింది. ఫిబ్రవరిలో జ్వరంతో వచ్చిన రోజు బ్లీచింగ్ పౌడర్ రెండోసారి పెట్టాను, అది అప్రూవ్ అయిన పాత పదం, కళ్ళ ముందే ఉంది, ఆ ఒక్కటీ నాదే, మళ్ళీ రాసుకురా అంది.