తూటా డొల్లకు బొట్టు

మహర్నవమి రాత్రి, 1999
బెడోక్, సింగపూర్

ఇవాళ గన్ క్లబ్‌లో అమ్మకానికి వచ్చిన రెండు పాత డబుల్ యాక్షన్ మాగ్నమ్ రివాల్వర్లు చూడటానికి మా అబ్బాయి రవి నన్నూ తీసుకెళ్ళాడు. మెరిసేదాని తూటాలు పెట్టే సిలిండర్ మూశాక కూడా కదులుతోంది. వద్దన్నాను. ట్రిగ్గర్ బిగువైనా రెండోదే ఖాయం చేశాడు.

సాయంత్రం ఆయుధ పూజలో వాడి కంప్యూటర్‌కు బొట్టు పెట్టి, పక్కనున్న ఇత్తడి గొట్టానికీ పెట్టాక అనుమానం వచ్చింది.

"ఇదేమిట్రా?"

"గన్ ఇంటికి తేకూడదు కదమ్మా. పూజకని పేల్చిన తూటా డొల్ల తెచ్చా."

"డాడీ, దిస్ ఆల్సో కెనాట్ లా! పోలీస్ కేస్!" అంది మనవరాలు ఇక్కడి ఇంగ్లీషులో. ఖాళీ డొల్ల కూడా ఇంట్లో ఉండకూడదట.

లైసెన్సు, ఉద్యోగం రెండూ పోతాయన్నాడు వాడు. దగ్గరుండి క్లబ్‌కు ఫోన్ చేయించాను. ముట్టుకోవద్దు, తీసుకెళ్ళడానికి మనుషులు వస్తారన్నారు.

"బొట్టయినా తుడిచెయ్యమ్మా."

"తుడిస్తే దాచినట్టవుతుంది. ఉండనీ."

వీధి తలుపు కూడా తీసే ఉంచాను.