జామెట్రీ పేపరు

ఫిబ్రవరి 3

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. డెబ్బై ఒకటో ఏట డైరీ మొదలుపెట్టేవాణ్ణి చూస్తే నాకే నవ్వొస్తుంది. కానీ నా మాటలు వినే ఓపిక ఇంట్లో ఎవరికీ మిగల్లేదు. ఈ నోటుబుక్కు కొత్తది, దానికింకా సంగతి తెలీదు.

మా అమ్మాయి పనిచేసే స్కూలుకు ఆర్డరొచ్చింది. డ్రాయింగ్ టీచర్ సర్టిఫికెట్ లేనివాళ్లు జూన్ నుంచి క్లాసులో అడుగుపెట్టకూడదట. అమ్మాయి పదకొండేళ్లుగా అక్కడ పిల్లలకు బొమ్మలు నేర్పుతోంది. ఏటేటా పొడిగించే ఉద్యోగం. దానికి గీయడం నేర్పింది ఏ కాలేజీ కాదు, నా సైన్‌బోర్డుల షాపు. ఫ్లెక్సులొచ్చి ఆ షాపు మూతపడ్డాక మేం ముగ్గురం దాని జీతం మీదే బతుకుతున్నాం.

పరీక్ష ఏడాదికొక్కసారి, ఏప్రిల్‌లో. పాసైతే పర్మనెంట్ చేయిస్తానని హెడ్మాస్టరు మాటిచ్చారు. తప్పితే తన చేతిలో ఏమీ లేదన్నారు.

ఫిబ్రవరి 5

నాలుగు పేపర్లు. ఫ్రీహ్యాండు, వస్తువుల్ని చూసి గీయడం, డిజైను, జామెట్రీ. మొదటి మూడూ అమ్మాయికి రోజూ చేసే పనే. జామెట్రీ అంటే మాత్రం వణుకు. నేను చెబుతానన్నాను. చదివింది ఐదో క్లాసే కావచ్చు, నలభై ఏళ్లు గోడల మీద మేకు, తాడు, సుద్దముక్క పెట్టి వృత్తాలు తిప్పినవాణ్ణి.

నేను నేర్పితే దానికి సర్టిఫికెట్ రాదు, మందుల షాపు బోర్డు వస్తుందని మా ఆవిడ వంటింట్లోంచి అంది. ఆవిడ ఏదన్నా వంటింట్లోంచే అంటుంది. ఎదురుగా వచ్చి అంటే నేను జవాబు మొదలుపెడతానని భయం.

మార్చి 9, మధ్యాహ్నం

ఐదు భుజాల బొమ్మ కొలత తప్పకుండా గీసింది. కానీ చుట్టూ కంపాస్ గీతలు, సాలెగూడులాగా. చెరిపెయ్యమన్నాను. వాటిని ఉంచాలని పుస్తకంలో ఉన్నట్టుంది నాన్నా అని నసిగింది. పుస్తకం నేర్చుకునేవాళ్ల కోసం, పరీక్ష పని వచ్చినవాళ్ల కోసం అన్నాను. అన్నాక ఆ మాటకి నాకే ముచ్చటేసింది.

ఇక్కడ మా మేస్త్రి సంగతి చెప్పాలి. పనిలో చేరిన కొత్తలో ఒక పళ్ల డాక్టరు బోర్డు మీద సుద్దగీతలు తుడవకుండా నిచ్చెన దిగిపోయాను. పని సగంలో ఆపేశారేమని డాక్టరు అడిగాడు. మేస్త్రి నా చొక్కా విప్పించి, దానితోనే తుడిపించి, మళ్లీ అదే తొడిగించి ఇంటికి పంపాడు. ఆ రోజు నుంచి నా బోర్డు మీద ఒక్క గీత మిగిలితే ఒట్టు. ఆ డాక్టరు తర్వాత నా పన్ను ఒకటి, నిక్షేపంలాంటిది, పీకేశాడు. అది వేరే కథ.

మార్చి 22

మళ్లీ గీతలు వదిలేసింది. స్కేలుతో చేతి మీద ఒక్కటి వేశాను. నలభై రెండేళ్ల మనిషి. నవ్వి, రబ్బరు తీసుకుంది.

ఏప్రిల్ 19, సాయంత్రం 5

జామెట్రీ అయింది. గేటు బయట మూడు గంటలు నిలబడ్డాను. ఎనిమిది లెక్కలూ కుదిరాయట. చివర్లో అరగంట మిగిలితే కాగితం కడిగినట్టు శుభ్రం చేసి ఇచ్చిందట. ఇన్విజిలేటరు దాని బల్ల దగ్గర ఆగి చూశాడట. మెచ్చుకుని ఉంటాడని ఇద్దరం అనుకున్నాం. నడిచే ఇంటికొచ్చాం, దారంతా అదే మాట్లాడింది. చాన్నాళ్ల తర్వాత నేను ఊరికే విన్నాను.

మే 6

రిజల్ట్సు ఇంకా రాలేదు.

మే 28

మూడు పేపర్లలో ఎనభై దాటాయి. జామెట్రీలో పదకొండు.

హెడ్మాస్టరు ఎవరి దగ్గరో వాకబు చేసి ఫోన్ చేశారు. జవాబుల్లో వెంట్రుకవాసి తేడా లేదట. కానీ ఎలా గీసిందో చూపించే గీతలు లేవు. మార్కులు ఆ గీతలకేనట. అవి లేకపోతే స్కేలు పెట్టి కొలిచిందో, ఎక్కణ్ణించైనా దించిందో ఎవరికి తెలుసు అన్నారట.

అమ్మాయి ఫోన్ పెట్టేసింది. మా ఆవిడ మొదటిసారి వంటింట్లోంచి బయటికొచ్చి, ఏమైందని నన్నే అడిగింది. నేను నోరు తెరిచేలోపు అమ్మాయి అందుకుంది.

"నాన్న గీతలు ఉంచమనే చెప్పాడమ్మా. నేనే తొందరపడి చెరిపేశాను."

మా ఆవిడ నా వైపు చూసింది. నేను తల ఊపాను.

మే 29

ఊపాను.

జూన్ 4

అమ్మాయికి చెప్పకుండా స్కూలుకెళ్లాను. గీతలు చెరిపించింది నేనేనని హెడ్మాస్టరుతో చెప్పాను. ఇంత తక్కువ మాటల్లో నేనెప్పుడూ ఏదీ చెప్పలేదు. ఆయన మంచివాడు, పూర్తిగా విన్నారు. ఆర్డరులో తండ్రి గురించి ఏమీ రాయలేదండీ అన్నారు. కొత్త టీచరు పన్నెండో తారీకున చేరుతోందట.

గుమ్మం దాకా వచ్చి, మీ చెయ్యి ఇంకా ఆడుతోందా అని అడిగారు. వరండాలో స్టాఫ్ బోర్డుకు ఫ్లెక్సు పెట్టడం ఆయనకు ఇష్టం లేదట. నాకేదో ఒకటి చెయ్యాలని అడిగినట్టున్నారు. సరేనన్నాను.

ఇంటికొచ్చి మా ఆవిడకు నిజం చెబుదామని వంటింటి దాకా వెళ్లాను. మంచినీళ్లు తాగి వచ్చేశాను.

జూన్ 12, ఉదయం

అమ్మాయి స్కూలు బీరువా తాళాలు అప్పజెప్పి వరండాలోకి వచ్చింది. స్టాఫ్ బోర్డులో ఆరో వరస, దాని పేరు, గీకేశాను. కొత్త డ్రాయింగ్ టీచరు పేరు రాశాను. నిచ్చెన అమ్మాయే పట్టుకుంది. బెల్లు కొట్టారు. దిగాను.